లేజర్ చెప్పే దూరం, మీ బంతి వెళ్లే దూరం

బెంగళూరులో ఈ మధ్య ఏ గోల్ఫ్ కోర్సుకి వెళ్లినా నలుగురిలో ఇద్దరి బ్యాగులకి లేజర్ రేంజ్‌ఫైండర్ (దూరం కొలిచే పరికరం) ఉన్న చిన్న పౌచ్ వేలాడుతూ కనిపిస్తోంది. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు ఉండే మన తెలుగు సాఫ్ట్‌వేర్ జనంలో గోల్ఫ్ పిచ్చి పట్టినవాళ్లయితే క్లబ్బుల (బంతి కొట్టే కర్రల) సెట్టు తర్వాత చేసే రెండో ఖర్చు ఇదే. కొనడం దండగ అని నేననను. కానీ ఎక్కువమంది దాన్ని వాడే తీరు ఎలా ఉంటుందంటే, బయటికి తీస్తారు, బంతి పడాల్సిన గుంత దగ్గరున్న జెండా వైపు పెట్టి బటన్ నొక్కుతారు, "148 యార్డులు" అని అందరికీ వినపడేలా చదువుతారు, ఎప్పట్లాగే సెవెన్ ఐరన్ అనే క్లబ్ అందుకుంటారు, బంతి 20 యార్డులు ముందే బంకర్లో (ఇసుక గుంటలో) పడుతుంది. "ఈ మెషీన్ సరిగ్గా చూపించట్లేదు బావా" అని పక్కవాడితో అంటారు. మెషీన్ సరిగ్గానే చూపించింది. జెండా ఎంత దూరంలో ఉందో చెప్పడం దాని పని, మీ బంతి ఎంత దూరం పోతుందో దానికేం తెలుసు?

అందుకని ముందు లేజర్‌తో సరైన అంకె రాబట్టడం ఎలాగో చూద్దాం, తర్వాత ఆ అంకెని ఏం చేసుకోవాలో.

బటన్ నొక్కగానే కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కాంతి ఒక్క క్షణం బయటికెళ్లి, దేనికో తగిలి వెనక్కి వస్తుంది. వెళ్లి రావడానికి పట్టిన టైమ్‌ని బట్టి దూరం లెక్క కట్టేస్తుంది. 150 యార్డులంటే 137 మీటర్లు, కాంతి అంత దూరం పోయి రావడానికి సెకనులో పది లక్షల వంతు కూడా పట్టదు. ఇంత సూక్ష్మంగా కొలిచే డబ్బా దూరం దగ్గర పొరపాటు పడటం అరుదు, ఒక యార్డు అటూ ఇటూ, అంతే. అది దేన్ని కొలిచింది అన్న దగ్గరే అంతా తేడా కొడుతుంది. జెండా కర్ర ఏడడుగుల ఎత్తు ఉంటుంది గానీ మందం చూస్తే అంగుళం కూడా ఉండదు. దాని వెనక పాతిక యార్డుల్లో సిల్వర్ ఓక్ చెట్లు వరసగా ఉన్నాయనుకోండి, మీ చెయ్యి కాస్త వణికితే చాలు, చెట్టుకి కొట్టి దాని దూరం మీ చేతికిస్తుంది. మీరేమో జెండా దూరమే అనుకుంటారు.

కోర్సుకి వెళ్లకముందే ఇంట్లో చేసుకోవాల్సిన పనులు మూడు ఉన్నాయి, బాల్కనీలో నిలబడి ఎదురు అపార్ట్‌మెంట్ వాటర్ ట్యాంక్ చూస్తూ చేసుకోవచ్చు (ఎదురు ఫ్లాట్ కిటికీల వైపు మాత్రం పెట్టకండి, చూసేవాళ్లకి బైనాక్యులర్ లాగే ఉంటుంది, అనవసరమైన గొడవ).

మొదటిది ఫోకస్. కన్ను పెట్టే చోట ఉన్న రింగ్ తిప్పుతూ లోపల అంకెలు, గురి గుర్తు స్పష్టంగా కనిపించేదాకా సర్దుకోవాలి. కళ్లజోడు ఉన్నవాళ్లు జోడు పెట్టుకునే చూడాలి, ఎందుకంటే కోర్సులో ప్రతిసారీ తీసి పెట్టుకోవడం జరిగే పని కాదు. ఐకప్ రబ్బరుని లోపలికి మడిస్తే, లేదా తిప్పి దించితే, జోడుతో కూడా మొత్తం దృశ్యం కనపడుతుంది. చాలామంది ఈ రింగ్ ముట్టుకోకుండానే "మసకగా ఉంది, చవక మాల్" అని తిట్టుకుంటూ ఏళ్లు గడిపేస్తారు. రెండోది యార్డులా మీటర్లా అన్నది. మీరు ఆడే కోర్సు స్కోర్ కార్డ్ ఏ లెక్కలో ఉందో అదే పెట్టుకోండి. 150 మీటర్లంటే 164 యార్డులు, అంటే కనీసం ఒక క్లబ్ తేడా (ఒక్కో క్లబ్‌తో బంతి ఒక్కో దూరం పోతుంది). మూడోది మోడ్. గోల్ఫ్ కోసం చేసిన వాటిలో పిన్ (జెండా కర్ర) మోడ్ ఉంటుంది, కంపెనీని బట్టి పేరు మారుతుంది గానీ పని ఒకటే, గురిలో రెండు వస్తువులు పడితే దగ్గరున్నదాన్ని చూపిస్తుంది. వేట కోసం చేసినవి దీనికి తలకిందులు, అడ్డంగా ఉన్న కొమ్మలు రెమ్మలు వదిలేసి దూరంగా ఉన్నదాన్ని చూపిస్తాయి. ఆన్‌లైన్లో చవగ్గా వస్తున్నాయని అవి కొంటే జెండా వదిలేసి వెనక చెట్లే చూపిస్తాయి, మోడ్ మార్చే వీలుంటే సరే, లేదంటే అంతే సంగతులు.

ఇప్పుడు పట్టుకోవడం. ఒంటి చేత్తో స్టయిల్‌గా పట్టుకునేవాళ్లని చూసి మోసపోకండి. కుడి చేత్తో డబ్బా, ఎడమ చేత్తో కింద ఆసరా, రెండు మోచేతులూ పక్కటెముకలకి ఆనించాలి. బొటనవేలినో చూపుడు వేలినో టోపీ అంచుకి తగిలిస్తే సగం వణుకు పోతుంది. బగ్గీలో (కోర్సులో తిరిగే చిన్న బండిలో) ఉంటే దాని రాడ్‌కి భుజం ఆనించండి. ఊపిరి సగం వదిలి, ఆపి, అప్పుడు నొక్కండి. బటన్ గట్టిగా పొడిస్తే గురి కిందికి జారుతుంది, మెల్లగా నొక్కాలి. మెట్లెక్కి వచ్చి ఆయాసంలో నొక్కితే ఆరు రెట్లు పెద్దది చేసి చూపించే అద్దంలో మీ గుండె కొట్టుకోవడం కూడా కనపడుతుంది.

జెండా మీద గురి ఎక్కడ పెట్టాలి? గుడ్డ మీద. కర్ర కంటే గుడ్డ వెడల్పు, పైగా కొన్ని కోర్సుల్లో కర్ర పైభాగంలో, గుడ్డకి దగ్గర్లో, కాంతిని వెనక్కి కొట్టే చిన్న ప్రిజమ్ బిగిస్తారు. కింద కప్పు దగ్గర గురి పెడితే ముందున్న గడ్డిగట్టో గ్రీన్ (జెండా చుట్టూ పొట్టిగా కత్తిరించిన గడ్డి) వాలో మధ్యలో అడ్డొస్తుంది. గాలి లేక గుడ్డ కర్రకి చుట్టుకుని వేలాడుతుంటే, నేరుగా గురి పెట్టి నిలబడకుండా, బటన్ నొక్కి పట్టుకుని ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా లాగండి. అంకెలు 171, 172, 171 అని వస్తూ వస్తూ ఒక్కసారిగా 144కి పడి, మళ్లీ 170కి లేచాయంటే ఆ 144 మీ జెండా. చాలా మోడళ్లు అక్కడ చేతిలో చిన్నగా వణికి "దొరికింది" అని చెబుతాయి. ఆ వణుకుని గుడ్డిగా నమ్మకండి, జెండా ముందున్న కొమ్మ తగిలినా అది వణుకుతుంది.

ఇక నా మాట ఒక్కటే వింటానంటే ఇది వినండి. జెండాని ఒక్కదాన్నే కొలవడం ఆపండి. జెండాకి ముందు ఒకటి, వెనక ఒకటి కూడా కొలవండి. ముందున్న బంకర్ పైఅంచు 126 వచ్చింది, జెండా 144, వెనక చెట్లు 171. ఇప్పుడు రెండు లాభాలు. ఒకటి, జెండా అంకె ఆ రెంటికీ మధ్యలో ఉంది కాబట్టి చెట్టుని కొట్టలేదని తెలిసింది. రెండోది ఇంకా పెద్దది: గ్రీన్ లోతు మామూలుగా 25 నుంచి 35 యార్డులు ఉంటుంది, 144 సరిగ్గా కొట్టాలని ఎవరూ రూలు పెట్టలేదు, 132 నుంచి 158 మధ్య ఎక్కడ పడినా గ్రీన్ మీదే ఉంటారు. జెండా ముందుభాగంలో బంకర్ వెనకే దాక్కుని ఉంటే దాని దూరానికి కొట్టడం మనలాంటి వాళ్లకి ఆత్మహత్యే, గ్రీన్ మధ్యకి కొట్టి రెండు పుట్‌లతో (బంతిని నేలమీద దొర్లించే దెబ్బలతో) బయటపడటం మేలు. కానీ లేజర్ జెండా అంకె చూపించగానే మనసు దాని మీదే నిలబడిపోతుంది, అదే దీనితో వచ్చే జబ్బు.

టీ (హోల్‌లో మొదటి దెబ్బ కొట్టే చోటు) దగ్గర దీని ఉపయోగం చాలామందికి తట్టనే తట్టదు. పార్ ఫోర్‌లో (నాలుగు దెబ్బల్లో ముగించాల్సిన హోల్‌లో) టీ మీద నిలబడి జెండా కొలిచి ఏం లాభం, అది 380 ఉంటుంది, ఒక్క దెబ్బకి పోయేది కాదు కదా. ఫెయిర్‌వే (టీకీ గ్రీన్‌కీ మధ్య గడ్డి దారి) బంకర్‌కి ఇవతలి అంచు ఎంత, అవతలి అంచు ఎంత అన్నవి చూడండి. మీ డ్రైవర్ (అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్) గాల్లో 205 వెళ్లి ఇంకో 15 దొర్లుతుంది, బంకర్ 210 నుంచి 225 దాకా ఉంది అనుకోండి, డ్రైవర్ తీస్తే నేరుగా అందులోకే. దానికంటే తక్కువ దూరం పోయే త్రీ వుడ్ తీసుకోండి, అయిపోయింది. హోల్ వంపు తిరిగి ఉంటే వంపు దగ్గరున్న చెట్టు మొదలుని కొలవండి, మీరు నేరుగా కొట్టిన బంతి ఫెయిర్‌వే దాటి అవతలికి పోతుందో లేదో అక్కడే తేలిపోతుంది.

చెరువు ఉంటే నీళ్ల మీద గురి పెట్టకండి. ఏటవాలుగా తగిలిన కాంతి నీటి మీద నుంచి ముందుకే జారిపోతుంది, వెనక్కి వచ్చేది ఏమీ ఉండదు, అంకె బదులు గీతలు చూపించి ఊరుకుంటుంది. ఇవతలి గట్టు, అవతలి గట్టు, గట్టు మీద రాతి కట్టడమో గడ్డి దుబ్బో ఉంటే దాన్ని కొలవాలి. దాటాలంటే అవతలి గట్టుకి కనీసం పది యార్డులు కలుపుకోండి, ఆగాలంటే ఇవతలి గట్టు నుంచి పదిహేను తీసేయండి.

మంచు ఇంకో సంగతి. డిసెంబర్, జనవరి పొద్దున్నే నంది హిల్స్ వైపు కోర్సుల్లో టీ టైమ్ దొరికిందని సంబరపడి వెళ్తే, పొగమంచు బొట్లే కాంతిని వెనక్కి కొట్టేసి చిత్రమైన అంకెలు చూపిస్తుంది. వాన తుంపర్లలోనూ అంతే. కొన్నిటిలో ఫాగ్ మోడ్ ఉంటుంది, లేకపోతే రెండు మూడు సార్లు కొలిచి రెండుసార్లు ఒకే అంకె వచ్చిందే తీసుకోండి, అదీ కుదరకపోతే దారి పక్కన పాతిన దూరం గుర్తులు చూసుకోండి. చాలాచోట్ల ఎరుపు 100, తెలుపు 150, నీలం 200, అయితే అవి గ్రీన్ మధ్యకా మొదటికా అన్నది ఒకసారి క్యాడీని (బ్యాగు మోసే సహాయకుణ్ణి) అడిగి పెట్టుకోండి. దిబ్బ అవతల గ్రీన్ ఉండి జెండా కనపడనప్పుడు కూడా లేజర్ వల్ల ప్రయోజనం సున్నా, దానికి చూపు తగలాలి. అలాంటి చోట జీపీఎస్ వాచ్ ఉన్నవాడే రాజు.

ఇప్పుడు అసలు లెక్క, మీ బంతి ఎంత దూరం వెళ్తుంది. అడిగితే అందరూ సెవెన్ ఐరన్ 160 అంటారు. అది జీవితంలో ఒక్కసారి గట్టి నేల మీద, వెనక గాలితో, పది దొర్లి వెళ్లిన దూరం. మనకి కావాల్సింది గాల్లో వెళ్లి మొదట నేలకి తగిలే దూరం, దాన్నే క్యారీ అంటారు. డ్రైవింగ్ రేంజ్‌లో (ప్రాక్టీస్ మైదానంలో) దీన్ని కనుక్కోవడానికి మీ లేజరే చాలు. ముందు అక్కడి టార్గెట్ జెండాలని మీరు నిలబడిన మ్యాట్ నుంచి కొలవండి. బోర్డు మీద 150 అని రాసి ఉన్నా మీ మ్యాట్ ఏ వరసలో ఉందో దాన్ని బట్టి అది 143 కావచ్చు, 158 కావచ్చు. తర్వాత ఒక క్లబ్‌తో పది బంతులు కొట్టి, మరీ బాగా తగిలినవి రెండు, మరీ చెత్తగా తగిలినవి రెండు పక్కన పెట్టి, మిగిలిన ఆరూ ఏ జెండాకి ఎంత ఇవతల, ఎంత అవతల పడ్డాయో చూసి నడిమి అంకె రాసుకోండి. రేంజ్ బంతులు అరిగిపోయి ఉంటాయి కాబట్టి అసలు బంతికి ఇంకాస్త ఎక్కువే వస్తుంది, కోర్సులో ఆడినప్పుడు సరిచూసుకోండి. ఫోన్‌లో నోట్స్ కంటే పేపర్ మీద రాసి బ్యాగ్ జేబులో పెట్టుకోవడం నయం, ఎండలో ఫోన్ తెర కనపడదు. 148కి సెవెన్ ఐరన్ తీసేవాడి క్యారీ ఆ పేపర్ మీద 131 అని కనపడితే, అన్నాళ్లూ బంకర్లో ఎందుకు పడ్డాడో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఈ అంకెలు ఊరు మారితే మారతాయి. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, ఇక్కడ గాలి పలచన, బంతి కాస్త ఎక్కువ వెళ్తుంది. చెన్నై వెళ్లి నందనంలో కాస్మోపాలిటన్ క్లబ్ కోర్సులో ఆడితే ఇక్కడ 150 పోయే దెబ్బకి అక్కడ నాలుగైదు యార్డులు తగ్గుతుంది. అయితే అక్కడి ఎండ వేడికి గాలి పలచబడి అందులో కొంత తిరిగి ఇచ్చేస్తుంది. ఉక్కపోతకి గాలి బరువెక్కి బంతి ఆగిపోతుందని మనవాళ్లు అంటుంటారు గానీ అది తప్పు, తేమ ఉన్న గాలి పొడి గాలి కంటే ఒక పిసరు తేలికే. మధ్యాహ్నం సముద్రం నుంచి వీచే గాలి ఎదురైతే మాత్రం ఈ లెక్కలన్నీ గాలికే పోతాయి, ఒక క్లబ్ పెద్దది తీసుకోవడమే.

ఎత్తుపల్లాల సంగతి. స్లోప్ ఉన్న మోడళ్లు వాలు కోణం కొలిచి, "దూరం 144, కానీ 152 అనుకుని ఆడు" అని రెండో అంకె చూపిస్తాయి. లేకపోయినా నష్టం లేదు, గ్రీన్ మీకంటే ఎన్ని యార్డులు ఎత్తులో ఉంటే అన్ని యార్డులు కలుపుకోవడం, కిందికుంటే తీసేయడం, ఈ మోటు లెక్క మన ఆటకి సరిపోతుంది. స్నేహితుల మధ్య ఆడేటప్పుడు స్లోప్ హాయిగా వాడుకోండి. క్లబ్ పోటీల్లో మాత్రం జాగ్రత్త. 2019లో వచ్చిన రూల్స్‌లో 4.3 ప్రకారం దూరం కొలిచే పరికరం వాడొచ్చు, కమిటీ లోకల్ రూల్ పెట్టి వద్దంటే తప్ప. కానీ ఎత్తు తేడా కొలవడం కుదరదు, స్లోప్ ఆఫ్ చేసి ఉండాలి. ఆన్ చేసి వాడితే స్ట్రోక్ ప్లేలో (మొత్తం దెబ్బలు లెక్కపెట్టే పోటీలో) మొదటిసారి రెండు స్ట్రోకుల పెనాల్టీ, రెండోసారి ఆట నుంచే అవుట్. కొన్న వెంటనే స్లోప్ స్విచ్ ఎక్కడుందో, ఆఫ్‌లో ఉన్నట్టు బయటికి ఏ గుర్తు కనిపిస్తుందో చూసి పెట్టుకోండి, పక్కవాడికి అనుమానం వచ్చినప్పుడు చూపించడానికి పనికొస్తుంది. దూరం ఎంతో పక్కవాళ్లకి చెప్పడం సలహా కిందికి రాదు, నిరభ్యంతరంగా చెప్పొచ్చు. ఏ క్లబ్ కొట్టాలో చెబితేనే పెనాల్టీ. పెద్ద టోర్నీల్లో ఇవి నిషిద్ధం అనుకునేవాళ్లకి ఒక మాట, 2021లో కియావా ఐలాండ్‌లో జరిగిన పీజీఏ ఛాంపియన్‌షిప్‌లో వీటిని అనుమతించారు, ఫిల్ మికెల్సన్ 50 ఏళ్ల వయసులో గెలిచిన టోర్నీ అదే.

లేజర్ వల్ల ఆట నెమ్మదిస్తుందని పాతకాపులు సణుగుతుంటారు, వాళ్లనీ తప్పు పట్టలేం. ఒక దెబ్బకి 40 సెకన్లకి మించి తీసుకోవద్దని రూల్స్‌లోనే ఉంది. మీ వంతు వచ్చాక పౌచ్ జిప్ తీయడం మొదలుపెడితే అందులో సగం దానికే పోతుంది. బంతి దగ్గరికి చేరగానే, పక్కవాడు ఇంకా బ్యాగ్ దించుతుండగానే కొలిచేసుకోండి. 60 యార్డుల లోపు ఉంటే తీయకపోయినా పర్లేదు, అది చేతి అంచనాతో ఆడే ఆట. ముందు గుంపు ఇంకా ఫెయిర్‌వేలో ఉన్నప్పుడు మాత్రం తప్పకుండా వాళ్ల బగ్గీని కొలవండి, మీ డ్రైవర్ ఎక్కువలో ఎక్కువ ఎంత పోగలదో దానికి ఇంకో ముప్ఫై కలిపి, అంతకంటే దూరంలో ఉంటేనే కొట్టండి. బాగా తగిలే ఆ ఒక్క దెబ్బ సరిగ్గా అప్పుడే తగులుతుంది.

చేతిలో లేజర్ ఉందని క్యాడీని వదిలేయకండి. 1876 నాటి బెంగళూరు గోల్ఫ్ క్లబ్ ఉన్న ఊరు ఇది, పాత క్యాడీలు ఫలానా చెట్టు నుంచి ఇంత అని నోటిమీదే చెప్పేస్తారు, కొందరికి కన్నడ, తమిళంతో పాటు తెలుగూ వచ్చు. "అన్నా, ఎంతుంటుంది?" అని అడిగి, మీరూ మనసులో ఒక అంకె అనుకుని, ఆ తర్వాత బటన్ నొక్కండి. 150 యార్డులంటే సుమారు ఏడు క్రికెట్ పిచ్‌లు వరసగా పెట్టినంత, మనలో ఎవరికైనా పిచ్ పొడవు కళ్లలో ఉంటుంది కాబట్టి అక్కడి నుంచి మొదలుపెట్టండి. నలుగురూ అంకె చెప్పి, అసలు అంకెకి అందరికంటే దూరంగా చెప్పినవాడు ఆట తర్వాత దోసెలు కొనిపెట్టాలి అని పందెం పెట్టుకుంటే కన్ను త్వరగానే కుదురుతుంది, బ్యాటరీ అయిపోయిన రోజు అదే అక్కరకొస్తుంది.

బ్యాటరీ అంటే గుర్తొచ్చింది. చాలావాటిలో సీఆర్2 అనే మూడు వోల్టుల లిథియం బ్యాటరీ ఉంటుంది, వీధి చివర కిరాణా కొట్లో దొరకదు, కెమెరా షాపులో అడగాలి, సీఆర్123 అని కాస్త లావుది ఇస్తారు, అది పట్టదు, చూసి తీసుకోండి. ఒకటి ఎప్పుడూ బ్యాగులో పడేసి ఉంచండి. యూఎస్‌బీ ఛార్జింగ్ ఉన్నవి తీసుకుంటే ఈ బాధ లేదు, ముందు రోజు రాత్రి ఛార్జింగ్ పెట్టడం మర్చిపోయే బాధ ఉంటుంది. అమెరికా నుంచి వచ్చే బంధువుల చేత తెప్పించుకోవడం మన ఆనవాయితీ కదా, ధర తగ్గుతుంది నిజమే, కానీ పాడైతే ఇక్కడ వారంటీ చెల్లుతుందో లేదో కొనకముందే కనుక్కోండి. మొదటిసారి కొనేవాళ్లకి పిన్ మోడ్, ఆరు రెట్ల అద్దం, ఆఫ్ చేయగల స్లోప్ ఉంటే చాలు. బగ్గీకి అతుక్కునే అయస్కాంతం ఉన్నవి కూడా వస్తున్నాయి, మంచిదే, కాకపోతే గతుకుల దారిలో ఊడిపోతుంది, దిగేటప్పుడు అక్కడే మర్చిపోతారు. పౌచ్‌కి ఒక తాడు కట్టుకోండి.